పట్టిక 4.7

పేజీకి పద్దెనిమిది రూపాయలు. పట్టికలుంటే ఇరవై.
యూనివర్సిటీ ఇన్‌గేటు ఎదురు సందులో
జిరాక్సు మిషను వేడి తగిలే చోట నా కుర్చీ.
ఎన్ని థీసిస్‌లు నా వేళ్ళ మీదుగా డాక్టర్లయి వెళ్ళాయో,
ఒక్కటీ చదవలేదు.
మోసేవాళ్ళు మూట విప్పరు కదా.

అరబా క్వాన్సా వచ్చిన రోజు కరెంటు లేదు.
ఘనా నుంచి.
అక్కడి ఒడ్డున రేడియో జాలర్లకి ఏం చెబుతుంది,
వాళ్ళు ఏం వింటారు అని
నాలుగేళ్ళ పరిశోధన, మూడు వందల పన్నెండు పేజీలు,
వాన తగలకుండా చీరల కొట్టు కవరులో.
నాలుగేళ్ళయినా విశాఖలో పొద్దు నీళ్ళలోంచి లేవడం
అలవాటు కాలేదట. వాళ్ళకి సముద్రం దక్షిణాన.

"అరబా అంటే?" అన్నాను, చీకట్లో ఊరికే కూర్చోలేక.
మంగళవారం పుట్టిన ఆడపిల్లట.
ఆ తీరంలో మంగళవారం ఎవరూ వేటకెళ్ళరట.
"నేను పుడతానని సముద్రం సెలవు పెట్టింది" అంది.

కరెంటొచ్చింది.
ఆవిడ పేరు కొట్టగానే కింద ఎర్రగీత.
వాళ్ళ ఊరు కొడితే ఎర్రగీత.
గాంగ్‌గాంగ్ అని ఇంకో మాట, దానికీ ఎర్రగీత.
ఏంటది అంటే పెన్నుతో బల్లమీద కొట్టి చూపించింది,
పెద్దమనిషి మాటని వీధివీధికీ
ఇనప గంటతో మోసుకుపోవడం.
"ఓస్, టముకు!" అన్నాను.
ఆవిడ రాసుకుంది.
నేను పెదజాలారిపేట అని కొట్టి చూపించాను, మా ఇల్లుండేది అక్కడ.
దాని కిందా అదే గీత.

పట్టిక 4.7.
తుఫాను కబురు మీకు మొదట ఎలా తెలిసింది?
రేడియో, నూట ముప్ఫై ఒకటి.
సెల్‌ఫోను, డెబ్బై ఎనిమిది.
పొరుగువారు, నలభై.
ఇతరములు, ఇరవై నాలుగు.
జవాబు లేదు, పదకొండు.

పదకొండు దగ్గర నా వేళ్ళు ఆగాయి.
మా పేటలో ఆ మాటకి వేరే అర్థం.
చిన్నాన్న పడవకి రెండు రాత్రులు ఫోను చేశాం,
వచ్చింది అదే.
అడగాలా వద్దా అనుకుంటూనే అడిగాను.
"నవ్వారు" అంది అరబా.
ప్రశ్న విని పదకొండుమందీ నవ్వారట.
వల కుడుతున్న ఒక ముసలాయన
సూది కింద పడేసి మరీ నవ్వాడట.
నవ్వుకి కోడు లేదు,
గైడుగారు ఈ వరసలో వేసెయ్యమన్నారు.

ఆదివారం మా ఇంటికి తీసుకెళ్ళాను.
అమ్మ, మసేనమ్మ, ఇసకలో నెత్తళ్ళు ఎండేస్తోంది.
అరబా ఒంగి ఒకటి తీసి వాసన చూసి
వాళ్ళ భాషలో ఏదో అనుకుంది.
మాకు తర్జుమా చెయ్యలేదు.
తర్వాత ఆ ప్రశ్నే అమ్మని అడిగింది, నేను తెలుగు చేశాను:
హుద్‌హుద్ కబురు నీకు మొదట ఎలా తెలిసింది?

అమ్మ చేట పక్కన పెట్టింది.
"రేడియో సెప్పింది. టీవీ సెప్పింది.
ఆటోకి మైకు కట్టుకొచ్చి గవుర్మెంటోల్లు
నాలుగు తూర్లు సెప్పేరు.
ఇన్నాం.
ఇండం ఏరు, తెలడం ఏరు.
అరిజిల్లి పోలయ్య ఆడి తెప్పని
గుడి దాటించి ఈదిలోకి లాగీసేడు.
అప్పుడు తెలిసింది."
మరి ఆ పోలయ్యకెలా తెలిసిందంటే
అమ్మ నవ్వడం మొదలెట్టింది.

అరబా పెన్ను మూత తీసింది.
గడుల మీద కాసేపు తిప్పింది.
మూత పెట్టేసి తనూ నెత్తళ్ళు పరుస్తూ కూర్చుంది.

సోమవారం, పట్టిక కింద ఒక ఫుట్‌నోటు చేర్చమంది.
మూడు వరసలు, చిన్నక్షరాల్లో.
అమ్మ ఘనా మనిషి కాదు కనక లెక్కలోకి రాదు.
పేట పేరు మటుకు ఉంటుంది,
గైడుగారు ఉంచితే.

అది కొట్టాక
ఎర్రగీతల మీద ఒక్కొక్కటిగా నొక్కి
నిఘంటువులో చేర్చేశాను:
అరబా. గాంగ్‌గాంగ్. టముకు. పెదజాలారిపేట.
ఈ ఒక్క మిషనులోనే లెండి.
పక్క కొట్టులో అవి ఇంకా తప్పులే.